తెల్వదని చెప్పించింది నేనే

పదహారేళ్లుగా ఒక మాట నా గుండెల మీద బండలా కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. వినండి, తిట్టుకోండి, కానీ మధ్యలో లేచిపోకండి.

మాది నారాయణఖేడ్. పెళ్లయిన మూడేళ్లకే నా మొగుడు పోయాడు. పిల్లాజెల్లా లేరు. తమ్ముడింట్లో వచ్చి పడ్డాను. తమ్ముడి భార్యది నాగల్‌గిద్ద దగ్గర ఊరు, ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు. తమ్ముడు తాగి ఆమెను కొట్టేవాడు. నేను అడ్డం పోయానా? పోలేదు. వాడు పెట్టే తిండి తింటున్నానని గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. ఆమె ఓపిక పట్టినంత కాలం పట్టి, బిడ్డను తీసుకుని పుట్టింటికి పోయింది. ఆమె కందిచేనుకు పోయిన పూట చూసి వీడు పోయి పిల్లను ఎత్తుకొచ్చాడు. ఆమె సంగారెడ్డి కోర్టులో కేసు వేసింది.

అప్పుడు పిల్లకు నాలుగేళ్లు. వాయిదాల మీద వాయిదాలు పడి ఐదు నిండాయి. మా వకీలు ఒకరోజు అన్నాడు. "ఐదు నిండినయి. ఇగ తల్లికే ఇయ్యాలని ఏం లేదు. జడ్జి పిల్లను లోపలికి పిలిచి అడుగుతడు. పిల్ల ఎటు మొగ్గితే అటే."

తమ్ముడు ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. నేను పట్టుకున్నాను.

తమ్ముడి పరువు కోసమే చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం! వాడి పరువు ఎప్పుడో కల్లు దుకాణంలో పోయింది. ఆ ఏడాదిలో పిల్ల నాకు అలవాటైంది. "అత్తమ్మా, తిన్నవా?" అని అడిగేది. ఆ ఇంట్లో నన్ను ఆ మాట అడిగిన ప్రాణి అది ఒక్కటే. దాన్ని ఇచ్చేస్తే నాకేం మిగులుతుంది? నాకు పిల్ల కావాలి. అంతే.

రోజూ తల దువ్వుతూ నేర్పాను. గోడ మీది పెళ్లి ఫోటోలో తల్లిని చూపించి, "గామె ఎవరు?" అనేదాన్ని. "అవ్వ" అనేది, మా వైపు అమ్మను అలాగే పిలుస్తారు. దువ్వెన గట్టిగా లాగేదాన్ని. మళ్లీ అడిగేదాన్ని. "తెల్వదు" అన్నరోజు బెల్లం ముక్క నోట్లో పెట్టాను. "కోర్టుల అవ్వ అంటే నాయన్ను జైల్ల ఏస్తరు బిడ్డా" అని కూడా చెప్పాను. ఐదేళ్ల పసిదానికి ఏ నోటితో చెప్పాను? ఈ నోటితోనే.

జడ్జి తన గదిలోకి పిలిచాడు. పిల్ల నన్ను వదలకపోతే నన్నూ రానిచ్చాడు. తల్లి ముందే వచ్చి ఉంది. పిల్లను చూడగానే చేతులు చాచి, "బా కందా" అంది, రా బిడ్డా అని వాళ్ల కన్నడంలో. పిల్ల నా ముఖం చూసింది. "ఈమె ఎవరమ్మా?" అని జడ్జి మెల్లగా అడిగాడు.

"తెల్వదు."

జడ్జి ఆ మాటే రాసుకున్నాడు. పిల్ల మాకే వచ్చింది.

బయట వరండాలో ఆమె నా దగ్గరికి వచ్చింది. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని.

"వదినె, అది రొట్టె అంచులు తినది. మెత్తగున్నకాడ తుంచి పెట్టు" అంది.

"నాకెర్కనే" అన్నాను. ఏం ఎరుక? ఏడాదంతా గద్దించి ఆ అంచులే తినిపించాను.

నెలకోసారి చూసుకోవచ్చని కోర్టు చెప్పింది. ఆమె బస్సు దిగి వచ్చేది. పిల్ల నా కొంగు చాటుకు పోయేది. నాలుగైదు సార్లు వచ్చి మానేసింది. తమ్ముడు తాగి తాగి పోయాడు. పిల్లను నేనే పెంచాను, పెళ్లి చేశాను. ఇప్పుడు అద్దె గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. దేనికి భయపడి అంత పాపం చేశానో, ఆ ఒంటరితనం తిరిగి నా గదికే వచ్చింది.

పోయిన నెల పిల్ల తల్లి చనిపోయిందని కబురొచ్చింది. పిల్ల వచ్చి నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. ఏడో నెల కడుపుతో ఉంది. నేను నేర్పింది దానికేదీ గుర్తు లేదు. జడ్జి గది ఒక్కటే గుర్తుంది.

"కన్నతల్లిని గుర్తుపట్టని దాన్ని, నేనేం తల్లినైత అత్తమ్మా?"

నేనేం చేశానో తెలుసా? తల నిమిరి, "పసిపిల్లవు, నీకేమెర్క" అన్నాను. నా తప్పుకు దాన్ని మాఫ్ చేశాను. నేను!

దానికి ఇంకా చెప్పలేదు. చెబితే ఆ వచ్చే ఒక్క మనిషీ రాదని భయం. చూశారా, ఇప్పటికీ నా గురించే. కానీ మీకైనా నిజం చెప్పనివ్వండి. ఆ రోజు పిల్ల తల్లిని గుర్తుపట్టింది. "బా కందా" అనగానే దాని కాళ్లు అటే కదిలాయి. వెనకనుంచి జబ్బ పట్టి ఆపింది నేను.