పదిహేను చిరుగులు

సొలాంజ్ కెర్వెల్లా మా ఎదురు ఫ్లాట్‌లో ఉంటుంది. మా పాప పాకడం మొదలుపెట్టాక వారానికి రెండు ప్యాంట్ల మోకాళ్లు పోతున్నాయి. ఆమె తీసుకెళ్లి రఫూ చేసి తెచ్చిస్తుంది. చిరుగు ఎక్కడుండేదో కిటికీ దగ్గర పట్టుకుని వెతికినా నాకు దొరకదు. ఆ చేతులది ముప్పయ్యొక్కేళ్ల అనుభవం, అంతా ఒక్క చోటే: బాస్తియాన్ రోక్‌మోర్ ఫ్యాషన్ హౌస్‌లో.

రోక్‌మోర్ తిరుగుబాటుదారు. ఆ సంగతి ఏటా రెండుసార్లు పత్రికలవాళ్లను పిలిచి ఆయనే చెబుతాడు. కుట్టుపని కాలేజీ నుంచి ఆయన్ను వెళ్లగొట్టారట. ఒక ఇంటర్వ్యూ ప్రకారం ప్రిన్సిపాల్ గది కర్టెన్‌తో గౌను కుట్టినందుకు, ఇంకో ఇంటర్వ్యూ ప్రకారం ఆ గౌను తానే వేసుకుని వచ్చినందుకు. మొదటి షోలో మోడళ్లను వెనక్కి నడిపించాడు. తర్వాత టార్పాలిన్ గౌన్లు వచ్చాయి. వాటిని మంత్రుల భార్యలు కొన్నారు. చివరికి ప్రభుత్వం పతకం ఇచ్చింది. నిరసనగా దాన్ని ఛాతీకి కాకుండా బెల్టుకి తగిలించుకున్నాడు.

ఆయనకు హోదాలు గిట్టవు. "నన్ను మీరు అనకండి, నువ్వు అనండి. మనమంతా ఒకటే," అంటాడు కుట్టుగదిలో. కొత్తగా చేరిన ఒకమ్మాయి నిజంగానే అన్నది. ఆ అమ్మాయి ఇప్పుడు గొడుగులు అమ్మే దుకాణంలో ఉంది.

నిరుడు ఆయనకు గౌన్ల మీద విసుగు పుట్టింది. వీధి తనను పిలుస్తోందని ప్రకటించి, కారు దిగకుండానే జీన్స్ మొదలుపెట్టాడు. పేరు 'బారికేడ్'. ప్రతి ప్యాంటు వెనక జేబు మీదా ఎర్రదారంతో 'మాట వినకు' అని కుట్టించాడు.

అప్పుడే కుట్టుగదికి పెద్ద అయిన మదాం ఇవెత్, సొలాంజ్‌ను పక్కకు పిలిచింది.

"జీన్స్‌కి రఫూ ఎవరు చేయిస్తారే? షో అయ్యాక నీ బల్ల తీసేస్తారట. ఈలోగా చేతినిండా పని ఉన్నట్టు కనపడు తల్లీ."

సొలాంజ్‌కు యాభై ఎనిమిదేళ్లు. రఫూ తప్ప మరో పని రాదు. ఆ వయసులో ఇంకో హౌస్ చేర్చుకోదు.

మరుసటి సోమవారం ఆమె వచ్చేసరికి బల్ల మీద ఆరు జీన్స్ మూట ఉంది. కారిడార్ నిండా బట్టలు తొడిగే బొమ్మలు అడ్డంగా ఉన్నాయని పోర్టర్ అక్కడ దించిపోయాడు. రఫూ బల్లకు పాతకాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది: దాని మీదకు వచ్చిన బట్ట ఎలా చిరిగిందని అడగకూడదు. పెద్దింటి ఆడవాళ్ల గౌన్లు ఎక్కడెక్కడో చిరుగుతాయి, అడగనివాళ్ల దగ్గరికే వస్తాయి. సొలాంజ్ అడగలేదు.

"ఈయన కస్టమర్లందరికీ ఒకేసారి మోకాళ్ల మీద పడే రోగం వచ్చినట్టుంది," అని మాత్రం పక్కవాళ్లతో అన్నది.

డెనిమ్‌కు రఫూ తేలిక కాదు. నీలిరంగు నూలు పైపొరకే అంటుతుంది, లోపల పోగు తెల్లగానే ఉంటుంది. బయటి దారం వేస్తే ఇట్టే పట్టుబడుతుంది. అందుకని ప్రతి ప్యాంటు లోపలి మడతల్లోంచి పోగులు లాగి, వెలిసిన చోట వెలిసినవి, ముదురు చోట ముదురువి ఒక్కొక్కటే అల్లింది. ఐదు రోజులు, పదిహేను చిరుగులు. తన జన్మలో అంత మంచి పని చేయలేదని ఇప్పటికీ అంటుంది. ఇది చూశాకైనా బల్ల ఉంచుతారనుకుంది.

శనివారం పొద్దున రోక్‌మోర్ మూట విప్పాడు.

"నా చిరుగులేవి?"

గదిలో ఎవరికీ అర్థం కాలేదు.

"నా చిరుగులు! ఏడు వారాలు సముద్రపు రాళ్లకేసి రుద్దాను! ఒక్కోదానికి పేరు పెట్టుకున్నాను. ఈ మోకాలిది 'ఆవేశం', ఆ తొడ మీద 'అమ్మ'..."

"అన్నీ పూర్తి చేశానండీ," అంది సొలాంజ్, మెచ్చుకుంటాడనుకుని. "చూశారా, 'అమ్మ' ఎక్కడుందో మీకే కనపడట్లేదు!"

"విప్పు! అన్నీ విప్పెయ్! మంగళవారం షో!"

సొలాంజ్ ఒక ప్యాంటు చేతిలోకి తీసుకుని, తడిమి, మళ్లీ బల్ల మీద పెట్టేసింది.

"బాగా కుదిరిన పని నేను విప్పనండి. చిరుగులే కావాలంటే అదిగో కత్తెర."

"మదాం కెర్వెల్లా, మీరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుస్తోందా? విప్పకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు."

ఇవెత్ లేచి ఒక ప్యాంటు వెనక్కి తిప్పి చూపించింది. "మాట వినొద్దని మీరే రాయించారు కదండీ."

"అది కొనేవాళ్లకి! పనిచేసేవాళ్లకి కాదు!"

ఆరుగురు కుట్టేవాళ్లూ సూదులు కింద పెట్టారు. వాళ్లు వెళ్లిపోతే మిగిలిన బట్టలకు అంచులు కుట్టే దిక్కు లేదు. సోమవారం మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. కత్తెర తీసుకుని పావుగంటలో ఆరింటినీ తనే చీరేశాడు. రఫూ చేసిన చోట తెగలేదు, పక్కన తెగింది. ఏడు వారాల వేదన ప్రతి చిరుగులోనూ కనిపిస్తోందని పత్రికలు రాశాయి.

షో అయ్యాక నెలాఖరుకల్లా బల్ల ఖాళీ చేయమని సొలాంజ్‌కు కాగితం వచ్చింది. అప్పటికే అవే చిరుగులతో వందల ప్యాంట్లు దుకాణంలో అమ్ముడవుతున్నాయి. రెండు ఉతుకులకే చిరుగులు పెరగసాగాయి. కొన్నవాళ్లు వరసకట్టి వచ్చారు. నెలాఖరుకు ఆమె బల్ల మీద నలభై ప్యాంట్లు, పక్కన సాయానికి ఇంకో మనిషి. కాగితం వెనక్కి తీసుకున్నారు. తలుపు మీద 'చిరుగుల సంరక్షణ' అని కొత్త బోర్డు పెట్టారు.

పోయిన గురువారం ఒక బ్యాంకు పెద్దమనిషి వచ్చాడు.

"కొన్నప్పుడు ఇంతే ఉండేదండీ," అని రెండు వేళ్లు చూపించాడు. "ఇప్పుడు అరచెయ్యి దూరిపోతోంది. మీటింగ్‌లో ఒకాయన పక్కకి పిలిచి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగాడు."

"పూర్తిగా మూసేయమంటారా?"

"అయ్యయ్యో, వద్దు!"

సొలాంజ్ టేపు తీసింది. "అయితే ఎంత ఉంచమంటారు?"

"నాలుగు సెంటీమీటర్లు. మరీ నిజంగా చిరిగినట్టు ఉండకూడదు."