సరస్వతీబాయి ఇంటి టీవీ

ఆదోనిలో ఆ వీధికంతటికీ మొదటి టీవీ సరస్వతీబాయి ఇంటికే వచ్చింది. మడి కట్టుకుంటే మనవణ్ణి కూడా తాకనీయని ఆమె, ఆదివారం పొద్దున టీవీ ముందు పీట వేసుకుని, కుచ్చెళ్లు దగ్గరకు లాక్కుని, వీధి జనానికి చోటిచ్చేది. గిన్నెలు తోమే బసమ్మ మాత్రం గడప బయటే నిలబడి మెడ సాచి చూసేది.

"ఆడ్నుంచి ఏం కనిపిస్తాదే? లోపలికి రా," అంది ఒకరోజు సరస్వతీబాయి.

"మీకు మడి కదమ్మా!"

"దూరంగా కూసోలే."

ఆరోజు నాటకంలో ఒక తల్లి బిడ్డ చనిపోయింది. బసమ్మ కూతురు పోయినేడే జ్వరంతో పోయింది. లోపల ఓ మూలన కూర్చున్న బసమ్మ మోకాళ్లలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సరస్వతీబాయి లేచి వచ్చి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

కోడలు బిత్తరపోయి, "అత్తా, మళ్లా స్నానానికి నీళ్లు పెట్టేదా?" అంది.

"పెడుదువులే. ముందు దీని ఏడుపు ఆగనీ," అంది సరస్వతీబాయి, చెయ్యి తీయకుండానే.