ఏప్రిల్‌లో రెండు స్వెట్టర్లు

సహారా ఎడారిలో సహ్రావీ ఆడవాళ్లకు లావే అందమట. ఆ లావే షుగరూ బీపీ తెచ్చిపెడుతోందట. ఎక్కడో చదివి, పాపం ఎంత దూరపు కష్టం అనుకున్నాను. తర్వాత పని మీద బిలాస్‌పూర్ వెళ్లి, లాల్‌ఖదాన్‌లో మా పిన్ని ఇంట్లో దిగాను.

ఏప్రిల్ నెల. పొద్దున్నే పిన్ని చీర మీద రెండు స్వెట్టర్లు తొడుక్కుని నడకకు బయలుదేరింది.

“జ్వరమా పిన్నీ?”

“జ్వరమేటిరా. పొట్ట తగ్గకపోతే ఇన్సులినే అన్నాడు డాక్టరు. నడిచి తగ్గినాను. దాంతో కోడలు తిండెట్టట్లేదని కాలనీ అంతా ఒకటే గోల. ఎదురింటావిడ నన్ను ఓదార్చడానికి లడ్డూలట్టుకొచ్చింది.”

“తిన్నావా?”

“తింటే ఆకలితో ఉన్నానంటారు, తినకపోతే జబ్బంటారు. అందుకే సగం తిని సగం వదిలీసినాను. అచ్ఛా, పద. స్వెట్టర్లుంటే మునపట్లాగే కనబడతాను. కోడలు పిల్ల పరువు నిలబడతాది.”

రైలు పట్టాల పక్కనే చాలా దూరం నడిచాం. ఎదురైనవాళ్లందరూ పిన్ని మళ్లీ ఒళ్లు చేసిందని మెచ్చుకున్నారు. స్వెట్టర్ల లోపల ఆవిడ చెమటతో కరిగిపోతోంది.

ఇంటికి రాగానే కోడలు అత్తగారి చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచింది.

“చెమటకి ఇంకా తగ్గిపోతన్నావత్తా. ఈ స్వెట్టర్లు కూడా వదులైపోతన్నాయి. రేపట్నించి మావయ్య రైల్వే డ్యూటీకి చలికాలం వేసుకునే కోటు వేసుకో.”