పది హెచ్‌పీ పడవకు పాతిక

మా బావ పడవలో, మోటారు తగిలించే వెనక చెక్కకు లోపలివైపు అరచేయంత రేకు ఒకటి అతికించి ఉంటుంది. ఎంతమంది ఎక్కవచ్చు, ఎంత బరువు వేయవచ్చు, ఎన్ని హార్స్‌పవర్ దాకా మోటారు పెట్టవచ్చు అని అందులో మూడే మూడు ముక్కలు. మోటారుకు ఎదురుగా పది అని ఉంది. ఎక్కినప్పుడల్లా ఆ రేకు నా కంటపడేది. దాని మూలంగా ఒక ఇంట్లో తండ్రీ కూతుళ్లు మాటలు మానుకుంటారని మాత్రం అనుకోలేదు.

బావ అంటే మా అక్క భర్త. కృష్ణ ఒడ్డు రైతు. పులిచింతల కట్టాక వెనక్కి ఎగదన్నిన నీళ్లలో మునిగిన ఊళ్లలో ఆయనదీ ఒకటి. మిరపా పత్తీ పండిన చేను ఇప్పుడు నీటి అడుగున ఉంది. ఊరు గట్టెక్కి పునరావాస కాలనీ అయింది. యాభై దాటిన వయసులో ఆయన వల వేయడం నేర్చుకున్నాడు. ఫైబర్ పడవ ఒకటి కొని, దానికి ఎనిమిది హెచ్‌పీ మోటారు పెట్టుకున్నాడు.

ఆ పడవకు రోజూ ఎక్కే ప్రయాణికురాలు ఒకతే, ఆయన కూతురు. నా మేనకోడలు బీఈడీ చేసి, అవతలి ఒడ్డున తెలంగాణ వైపు ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. రోడ్డు మీద వెళ్లాలంటే వంతెన దాకా పోయి, నది దాటి, అవతలి గట్టు వెంట అంతదూరమూ మళ్లీ వెనక్కి రావాలి. తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కినా బస్సులు మారేసరికి మొదటి పీరియడ్ అయిపోతుంది. పడవలో అయితే ఎదురుగా కనిపించే ఒడ్డే. బావ పొద్దున్నే వల తీసివచ్చి ఆమెను అటు దింపేవాడు, సాయంత్రం వెళ్లి తెచ్చేవాడు. చేను పోయాక ఆయన నోట గొప్పగా వినిపించిన మాట అదొక్కటే. "మా అమ్మాయి డ్యూటీకి డ్రైవర్ని నేనే" అనేవాడు, ఎవరు అడిగినా అడగకపోయినా.

కిందటి వానాకాలం ఎగువ డ్యాం గేట్లు ఎత్తారు. ఒక సాయంత్రం ఆమెను తీసుకొస్తుండగా నది నడుమ వడి ఒకవైపు, గాలి ఒకవైపు పట్టుకున్నాయి. మునిగిన ఊరి కరెంటు స్తంభాల కొసలు అక్కడక్కడా నీటి పైకి కనిపిస్తుంటాయి. మోటారు పూర్తి రేజులో అరుస్తూనే ఉంది, పడవ మాత్రం ఒక స్తంభం పక్కనే నిలబడిపోయింది. ముందుకు పోదు. కాసేపటికి వెనక్కి జారడం మొదలైంది. చివరికి కాలనీకి చాలా దిగువన ఏ చేలోనో ఒడ్డు దొరికి, ఇద్దరూ గట్టు వెంట నడిచి ఇల్లు చేరారు. అక్కకు ఏమీ చెప్పలేదు. తడిసిన చీర చూసి ఆమే అడిగి చెప్పించుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నరసరావుపేటలో ఉన్న నాకు బావ ఫోన్ చేశాడు. నేను దినపత్రికలో పనిచేసి మానేసిన మనిషిని. మానేసినా ఆయనకు నేను పేపరాయననే.

"పేపరాయనా, పాతిక హెచ్‌పీ దొరికింది. సముద్రం మీద తిరిగిన మోటారు. ఆదివారం బిగిస్తన్నాం, రా."

ఆ ఫోన్ పెట్టీ పెట్టగానే అక్క చేసింది. "నువ్వు రారా. వచ్చి మానిపించు. నా మాట ఆయన చెవికెక్కదు."

ఆదివారం నేను వెళ్లేసరికి ఒడ్డున గోనెపట్టా మీద మోటారు పడుకోబెట్టి ఉంది. పాతదాని పక్కన అది దున్నపోతు పక్కన నిలిచిన ఏనుగులా ఉంది. పిడుగురాళ్ల నుంచి వచ్చిన సాయిబు మెకానిక్ దాని మూత విప్పి చూస్తున్నాడు. ఆయన బోరు మోటార్లు, మందు కొట్టే మిషన్లు, బైకులు అన్నీ బాగుచేస్తాడు. అందరికీ భాయ్.

"రేకు మీద పదే ఉంది గదా బావా" అన్నాను.

బావ నవ్వాడు. "మన బోరు కాయితాల్లో ఎంత ఉండేది? ఐదు. మోటారు రేకు మీద? ఐదే. లోపల దించిందెంత? ఏడున్నర. నీళ్లు పోసిందా లేదా? రేకులు మనకోసం రాయరయ్యా, చూడొచ్చేవాళ్ల కోసం రాస్తారు."

ఇది మా పల్నాడులో కొత్త మాట కాదు. బోర్లలో నీళ్లు అడుక్కి పోయినకొద్దీ రైతు పెద్ద మోటారు దించుతాడు. మంజూరైనది ఒకటి, గోతిలో ఉన్నది ఇంకొకటి. రేకు మీది అంకెకూ మోటారుకూ సంబంధం ఉండాలని ఎవరూ అనుకోరు. నీళ్లు అందకపోతే హెచ్‌పీ పెంచడమే మందు. చేను పోయింది, బోరు మునిగింది, ఆ ఆలోచన మాత్రం మునగలేదు. బావ దాన్ని పడవలోకి కూడా తెచ్చుకున్నాడు.

"పోనీ పది పెట్టు. రాసిందాకా పెట్టు" అన్నాను.

"ఎనిమిదికీ పదికీ ఏంది తేడా? చిన్నోడు మోయలేకపోతే వాడి అన్నని పిలిచినట్టు. ఇద్దరూ పిలకాయలే." భాయ్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు భాయ్."

"నేను మోటారు సంగతి చెబుతా అన్నా. మోటారు బాగుంది. పడవ సంగతి పడవ చేసినోణ్ణి అడగాల."

"మరి నువ్వెందుకొచ్చినట్టు?"

"బిరియానీ పెడతానన్నావు గదా."

"చేపల పులుసే ఉంది" అంది అక్క మెట్ట మీద నుంచి.

"అదైనా పర్లేదు వదినా."

మేనకోడలు గట్టు దిగివచ్చింది. ఆమె తల్లి పక్షాన ఉంటుందనుకున్నాను. పొరపాటు.

"నాకు పెద్దదే కావాలి మామయ్యా. ఆ రోజు మీరు లేరు. స్తంభం పక్కన అట్టాగే నిలబడిపోయాం. నాన్న మొహం చూళ్లేక నేను ఆ స్తంభాన్నే చూస్తా కూర్చున్నా."

అక్క కొంగు దోపుకుంటూ అంది, "తండ్రికీ కూతురికీ తొందరే. నీళ్లకేం తొందర? అవి ఎవరికోసమైనా ఆగుతాయి."

పడవ ప్రమాదాల వార్తలు చాలా రాశాను. పరిమితికి మించి ఎక్కించారు అన్న వాక్యం చేతికి దానంతటదే వచ్చేది. ఆ పరిమితి ఎప్పుడూ మనుషులదే. మోటారుకూ పరిమితి ఉంటుందని రాయాల్సిన సందర్భం రాలేదు. అక్క భయం నిజం. కానీ రేజు మొత్తం ఇచ్చినా కదలని పడవలో కూర్చున్న పిల్ల భయమూ నిజమే. బలం చాలక ఒకసారి చావు అంచుకు వెళ్లొచ్చిన వాళ్లకు బలం ఎక్కువైతే ప్రమాదమని చెప్పడానికి నా దగ్గర ఆ రేకు తప్ప ఆధారం లేదు. ఆ రేకును నమ్మేవాళ్లు అక్కడ లేరు.

మోటారు బిగించారు. మేనకోడలు పడవ ఎక్కబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "ముందు మగాళ్లు పోయిరండి. మునిగితే మీరే మునగండి."

బావ వెనక కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నాడు. మోటారు బరువూ ఆయన బరువూ కలిసి పడవ వెనక భాగం కుంగింది. ఎప్పుడూ నీటికి మూరెడు పైన ఉండే చెక్క అంచు జానెడు ఎత్తుకు దిగింది. "మీరిద్దరూ ముందుకు పోండి, సమానమయిద్ది" అన్నాడు. నేనూ భాయ్ పడవ ముక్కు దగ్గరికి వెళ్లి కూర్చున్నాం.

ఆయన రేజు ఇచ్చాడు. మేమిద్దరం కూర్చున్నా పడవ ముక్కు లేచింది, నాకు ఎదురుగా ఆకాశమే కనిపించింది. కాసేపటికి దిగి, నీళ్లను కోసుకుంటూ పరుగెత్తింది. ఆ వేగానికి నా కళ్లవెంట నీళ్లు కారాయి. వెనక్కి తిరిగి చూస్తే బావ ముఖంలో ఏళ్లుగా నేను చూడని వెలుగు. మిరపకు ధర పలికిన ఏడాది మార్కెట్ యార్డు నుంచి వచ్చినప్పుడు ఉండేది, అలాంటిది.

"ఎట్టుంది పేపరాయనా?" అని అరిచాడు.

బాగానే ఉందన్నట్టు చెయ్యి ఊపాను. నిజంగానే బాగుంది. ఇక ఈ తగువు తీరిపోయినట్టే, అక్కకు నేనే నచ్చజెప్పాలి అనుకున్నాను.

అప్పుడు ఎదురుగా ఎవరిదో వల బెండ్లు వరసగా తేలుతూ కనిపించాయి. నీళ్లలో తిరిగే మోటారు ఫ్యానుకు వల చుట్టుకుంటే మోటారు పోతుంది, వలా పోతుంది. బావ ఒక్కసారిగా రేజు తగ్గించాడు. పడవ ఆగింది. అది లేపిన అల ఆగలేదు. మా వెనకే వస్తున్న ఆ నీళ్లు, మేం చేసిన నీళ్లే, చెక్క అంచు ఎక్కి చాలా నెమ్మదిగా, గడప దాటి ఇంట్లోకి వచ్చే మనిషిలా లోపలికి దిగాయి. వెనకే ఇంకో అల. మోటారు దగ్గి ఆగిపోయింది. నీళ్లు మోకాళ్ల కిందిదాకా వచ్చాయి. బావ వెనక చెక్క మీది రేకు మునిగి ఉంది.

భాయ్ కోసిన ఆయిల్ డబ్బాతో, నేను చేతికి దొరికిన గిన్నెతో నీళ్లు తోడాం. బావ మోటారుకు వీపు ఆనించి కదలకుండా కూర్చున్నాడు, కదిలితే ఇంకా వస్తాయని ఆయనకు తెలిసింది. తోడటం అయ్యాక ఆయనే తెడ్డు తీశాడు.

ఒడ్డు దగ్గరవుతుండగా నాకు ఇంకో సంగతి తట్టింది. ముక్కు దగ్గర మేం ఇద్దరం ఉన్నాం. రోజూ ఎక్కేది ఆయనా, ఆ పిల్లా. ఆ పిల్ల ముందు కూర్చున్నా ఒక సంచి బరువే, వెనక ఇంకా కుంగుతుంది. బోరులో మోటారు నీళ్లను తోస్తుంది, గొయ్యి కదలదు. పడవలో మోటారు తోసేది పడవనే. ఇంత చిన్న తేడా ముందే మాలో ఒక్కరికీ తోచలేదు.

బావకు అప్పటికే ఇంకో ఉపాయం దొరికింది. "ముందర ఇసక బస్తాలు రెండు వేస్తే సరిపోయిద్ది. ఫుల్లు రేజు కూడా వద్దు. గాలి పట్టిన రోజునే ఇస్తా."

మేనకోడలు మా తడిసిన బట్టలు చూసింది. "ఏం జరిగింది నాన్నా?"

"ఏం కాలేదు. బెండ్లు అడ్డమొచ్చినయ్. రేజు తగ్గిస్తే కాసిని నీళ్లొచ్చినయ్."

"రేజు తగ్గించంగానే వచ్చినయ్యా?"

"ఆఁ."

"గాలి రోజునయినా ఒడ్డు దగ్గర తగ్గించాల్సిందేగా."

బావ తాడు కడుతున్నాడు. కడుతూనే ఉన్నాడు.

"నేను దీన్నెక్కను నాన్నా."

"పెద్దదే కావాలన్నది నువ్వే గదంటే."

"అన్నా. ఇప్పుడు వద్దంటన్నా."

"మరి ఆ చిన్నదాంతో గేట్లెత్తిన రోజున ఎట్టా పోతావు?"

"పోను. ఆ రోజు ఇంట్లోనే ఉంటా."

"బడోళ్లు ఊరుకుంటారా?"

"ఊరుకోరు" అంది.

అంతసేపూ మోటారు గురించి మాట్లాడుకున్నాం గానీ, ఆ ఇంటికి కావలసింది ఆ ఉద్యోగం. బడి వాళ్లు అప్పటికే ఒకసారి చెప్పారు, సెలవులు ఇలా అయితే దగ్గర ఊరి వాళ్లను చూసుకుంటామని. అందుకే బావ నదికంటే పెద్ద మోటారు కోసం వెతికాడు. చేప ఎక్కడైనా దొరుకుతుంది, ఎనిమిది హెచ్‌పీకైనా దొరుకుతుంది.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పంతానికి పెద్ద మోటారుతోనే ఒంటరిగా వలకు పోయేవాడు. ఆమె మొదటి బస్సు ఎక్కేది. ఆలస్యంగా చేరి మాట పడేది. ఇంట్లో ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు కాదు. అక్క నాకు ఫోన్ చేసి, "ఆయన నీళ్ల మీద, అది రోడ్డు మీద. నేను ఏ వైపు చూడాల్రా?" అంది.

తర్వాత ఒకరోజు ఆయనే, భాయ్‌ని కూడా పిలవకుండా, పెద్ద మోటారు ఊడదీసి పాతది తగిలించాడట. ఎందుకు తీశావని నేను అడిగితే, "ఎక్కే మనిషే లేకపోతే అది ఎవరికోసం?" అన్నాడు. ఇసక బస్తాల మాట మళ్లీ ఎత్తలేదు.

నీళ్లు నెమ్మదిగా ఉన్న రోజుల్లో మళ్లీ పడవ నడిచింది. కష్టమంతా మిగిలిన రోజులది. ఈ వానాకాలం అలాంటి ఒక పొద్దున నేను అక్కడే ఉన్నాను. ముందురోజు ఎగువన గేట్లు ఎత్తారు. నది రంగు మారింది, గడ్డీ కొమ్మలూ కొట్టుకొస్తున్నాయి. మేనకోడలు క్యారేజీ, సంచీ పట్టుకుని గట్టు దిగింది. బావ నీళ్లకేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఆమె అడగలేదు. నిర్ణయం ఆయననే చెప్పనిచ్చింది. అది దయో శిక్షో నాకు తెలియలేదు.

"ఈ పూట వద్దమ్మా" అన్నాడు చివరికి.

ఆమె దూరంగా వెళ్లి బడికి ఫోన్ చేసింది. అవతలి గొంతు మాకు వినిపించలేదు. "అవును సార్", "లేదు సార్", "బస్సుకైతే మధ్యాహ్నం అయిద్ది సార్" అన్న మాటలు వినిపించాయి. తిరిగి వచ్చింది.

"ఏమన్నారు?" అన్నాడు బావ.

"రేపు మొదటి బెల్లుకే రమ్మన్నారు. వస్తే మాట్లాడదామన్నారు."

ఆయన తల ఊపాడు. పడవ తాడు విప్పి, నీటికి ఇంకా పైకి, గట్టు మీదికి లాగడం మొదలుపెట్టాడు. ఆమె సంచి కింద పెట్టి ఒక చెయ్యి వేసింది. నేనూ వేశాను. గేట్లు రేపు కూడా దించరని ముగ్గురికీ తెలుసు.