టీచరత్త ఊంజల్ ముందర

శనివారం పొద్దున సత్రపట్టిలో, పుండ్లకు కట్టే బట్ట నేసే షెడ్డులో నేను పనిలో ఉంటే అమ్మ ఫోను చేసింది. "టీచరత్త పోయినారే. కాఫీ తాగి మళ్ళీ కొంచేపు పండుకుంటానన్నారంట. లేవనేలేదు" అనింది. నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్తే మీరు తిడతారు. అయ్యో, రేపు ఆఖరి పేరా ఎవరికి చదివి వినిపించేది, అనుకున్నాను. ఆ తర్వాతే ఏడుపు వచ్చింది.

టీచరత్త మాకు చుట్టం కాదు. రాజపాళయంలో మా వీధి కొనలో ఇల్లు. ఇస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైర్ అయినవారు. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి కుటుంబంతో ఉండినారు. మా అమ్మకూ అత్తే, నాకూ అత్తే, మా పక్కింటి తాతకు కూడా అత్తే. అదేం వరసో అడగొద్దండి, మాకే తెలీదు.

ఈ మూడు నెలలుగా నేను వాళ్ళింటికి తిరిగింది ఒక అప్లికేషన్ కోసం. ఉత్తరాదిన ఒక కాలేజీలో వైద్యానికి వాడే బట్టల మీద ఎంటెక్ ఉంది. మార్కులు అడిగినారు, పంపినాను. అప్పురం పర్సనల్ స్టేట్‌మెంట్ కావాలన్నారు. నువ్వెవరు, ఈ చదువు నీకెందుకు, రెండు పేజీల్లో రాయాలంట. అది బాగుంటేనే సీటు. నేనెవరు అంటే ఏమని రాసేది? తల పట్టుకుని కూచున్నాను. ఒకటే కుళప్పం.

రాసేది ఇంగ్లీషులో, కొట్లాడుకునేది తెలుగులో. టీచరత్తకు కండ్లలో పొర, చదవలేరు. అందుకని హాల్లో గొలుసులకు వేలాడే ఊంజల్ బల్ల మీద కూచుని, కాలితో మెల్లగా తోసుకుంటా వినేవారు. నన్ను మాత్రం కూచోనిచ్చేవారు కాదు. "నిలబడి చదువు. నిలబడి చెప్పలేనిది రాయొద్దు" అనేవారు. వాక్యం నచ్చితే ఊంజల్ పోతానే ఉంటుంది. నచ్చకుంటే కాలు నేలకు ఆనిస్తారు, గొలుసు కీచుమని ఆగిపోతుంది. బాగుందని గాని, బాగలేదని గాని నోటితో చెప్పేది లేదు.

మొదటి సారి మొదటి వాక్యానికే ఆగింది. ఏమి రాసినానో చెప్తాను, నవ్వొద్దండి. "రాయల కాలంలో మా పెద్దలు తెలుగు సీమ నుంచి ఈ తమిళనాడు కొండల కిందికి వచ్చినారు" అని మొదలుపెట్టినాను. ఆ కింద మా తాత, ఆయన పని చేసిన మిల్లు, నాన్న, అమ్మ, మా వీధి, మా కులదేవత.

"ఏమే, కాలేజీ వాళ్ళు నీకు పెళ్ళి చేసేదానికి మాప్పిళ్ళైని చూస్తున్నారా? పుట్టుపూర్వాలన్నీ విప్పినావు!"

"మనల్ని ఎవరని అడిగితే అట్లే కదత్తా చెప్పేది?"

నిజం కదండీ? మా ఊళ్ళో ఎవరూ పేరు అడగరు. "ఎవరింటి పిల్లవే?" అంటారు. ఇంటి పేరు చెప్పి, తాతను చెప్పి, వీధి చెప్పేటప్పటికి వాళ్ళకు మనమెవరో తెలిసిపోతుంది. మన పేరుతో పనే లేదు.

"అడిగింది బస్టాండులో ముసలమ్మ కాదే. వాళ్ళకు మీ తాత వద్దు, నువ్వు కావాల. పెద్ద మాటలు పక్కన పెట్టు. నిన్న సాయంత్రం ఏమి చేసినావో చెప్పు."

ఏముంది చెప్పేదానికి? మా చిన్నాన్న కాలికి పుండు ఉంది. కట్టు విప్పేటప్పుడు నూలు పోగులు పుండుకు అంటుకుని ఆయన అరిచేది వీధంతా వినిపిస్తుంది. నేను దినమూ నేయించి పంపే బట్టే కదా అది! అందుకని షెడ్డు నుంచి రకానికి ఒక ముక్క తెచ్చి బేసిన్‌లో నీళ్ళ మీద వేసి, ఏది తొందరగా మునుగుతుంది, ఏది పోగులు విడుస్తుంది అని చూస్తా ఉన్నాను. అమ్మ తిడతా ఉండింది. ఇదే చెప్పినాను. చెప్పినంత సేపూ ఊంజల్ ఆగలేదు.

సరి, తాతను తీసేసినాను, నాన్నను తీసేసినాను, అంతా నేనే అని రాసుకుని పోయినాను. మళ్ళీ కీచుమనింది.

"ఏందే, ఆకాశం నుంచి ఊడిపడినావా? ఆ బేసిన్ ఎవరిది?"

"అమ్మది."

"మరి అమ్మ ఏది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెడితే ఎందుకు పెట్టినావంటారు, తీస్తే ఎందుకు తీసినావంటారు. నాకు కోపం కూడా వచ్చింది. అమ్మను బేసిన్‌తో సహా తెచ్చి పెట్టినాను. ఆ ఊపులో ఇంకొక వాక్యం కూడా రాసినాను. మా వీధిలో ఒక టీచర్ నన్ను నిలబెట్టి నా మాట నాతోనే చెప్పించినారు, అని. ఊంజల్ టక్కున ఆగింది.

"నన్ను తీసెయ్."

"ఎందుకత్తా?"

"నువ్వు పోవాల్సినదానివి. నన్ను మోసుకుని ఎక్కడికి పోతావే?"

"అమ్మను మాత్రం మోయమన్నారే?"

"అమ్మ వేరే, నేను వేరే."

"ఎట్లా వేరే?"

"నాకేం తెలుసు, పో" అని నవ్వి, లోపలికి కేకేసి నాకు చుక్కు కాఫీ పెట్టించినారు. శొంఠి ఘాటుకు ముక్కు కారింది. వాదన అక్కడే నిలిచిపోయింది. ఈ చదువు నీకెందుకు అనే ఆఖరి పేరా ఆదివారం తెమ్మన్నారు.

శనివారం సాయంత్రం వాళ్ళింట్లో ఆడవాళ్ళ మధ్య కూచున్నాను. సేత్తూరు నుంచి వచ్చిన ఒక అవ్వ నన్నే చూసి, "ఎవరింటి పిల్లవే?" అనింది. ఇంటి పేరు, తాత, వీధి, అన్నీ నాలుక కొన మీద ఉన్నాయి. నోరు తెరిస్తే, "టీచరత్త ఇంటి పిల్లని" అని వచ్చింది.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ఆమెకు పెళ్ళే కాలేదే, పిల్లెక్కడిది?" అనింది. అందరూ చుట్టాలు, నేనే ఏమీ కాను. అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే. నాకే వింతగా ఉండింది.

అప్లికేషన్‌కు శుక్రవారం గడువు. ఆఖరి పేరాలో దేశసేవ అని రాసి పెట్టుకున్నది కొట్టేసినాను. పుండు మీంచి తీసేటప్పుడు మనిషి అరవకుండా ఉండే బట్ట నేయడం నేర్చుకోవాల అని రాసినాను. దాని కింద, తీసెయ్యమన్న వాక్యాన్ని మళ్ళీ పెట్టినాను. మళ్ళీ తీసినాను. మళ్ళీ పెట్టినాను. పోయినవారి మాట దాటేదా? అంత చేసినవారిని దాచేదా? అడిగేదానికి ఉన్నది ఆమె ఒక్కరే, ఆమే లేరు.

గురువారం సాయంత్రం వాళ్ళింటికి పోయినాను. టీచరత్త మరదలు తలుపు తీసి, నా చేతిలో కాగితాలు చూసి, దారిచ్చి లోపలికి పోయినారు. హాల్లో ఊంజల్ అట్లే ఉంది, ఎవరూ కూచోలేదు. దాని ముందర నిలబడినాను. కదలని ఊంజల్ ముందర ఏ వాక్యం చదివినా తప్పే అన్నట్టు ఉంటుందండి. చదవలేకపోయినాను.

అందుకని చేత్తో ఒక తోపు తోసినాను. తోసి, నిలబడి, పెద్దగా చదివినాను. బేసిన్ వాక్యం అయింది, అమ్మ వాక్యం అయింది, చిన్నాన్న కాలి వాక్యం అయింది. ఆమె వాక్యం దగ్గరికి వచ్చేటప్పటికి ఊపు బాగా తగ్గిపోయి ఉండింది. అది ఆగేలోపే ఆ వాక్యాన్ని గబగబా చదివేసి తలెత్తి చూసినాను. గొలుసు కీచుకీచుమంటా, ఊంజల్ ఇంకా కొంచెం ఊగుతానే ఉంది.