గ్రీకు చెప్పిన అయ్యగారు

జమ్మలమడుగు చర్చి అయ్యగారు పోయారన్న కబురు బస్సు కండక్టరు పులివెందులకు తెచ్చాడు. బస్టాండులోనే ఏడ్చేశాను. ఆయన కోసం ఏడ్చానో, నా పరీక్ష గుర్తొచ్చి ఏడ్చానో చెప్పలేను.

నేను ఇక్కడికి దగ్గర పల్లెలో చర్చి ఉపదేశిని. నేనూ ఆయనలా పాస్టరు అయ్యగారిని కావాలంటే, సువార్తలు మొదట రాసిన గ్రీకు భాషలో పరీక్ష ప్యాసవ్వాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పాను. వచ్చే నెలా తప్పితే ఇక రాయనివ్వరు, ఉపదేశి పనీ ఉండదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నా గోడు విని, పాఠం చెప్తానన్నది ఆయనొక్కరే.

నన్ను ముంచినవి అచ్చులు కలిసిపోయే క్రియలు. నిఘంటువులో ‘అగపావో’ అని ఉంటుంది, ప్రేమిస్తున్నానని అర్థం. సువార్తలో అదే ‘అగపో’. తెలుగు సంధి అలవాటు కొద్దీ ఒక అచ్చు ఎగిరిపోయిందనుకుని, దానికోసం తడుముకునేవాణ్ణి.

“యాడికీ పోలేదు నాయనా, రెండూ కలిసి ఇంకొకటైనాయి. సంగటి తింటాండావు గదా, బియ్యమేదో పిండేదో ఏరుకుంటావా? నోట్లో పెట్టుకుంటే తెలీదా?” అనేవారు అయ్యగారు.

అందుకే నాతో ఏదీ రాయించలేదు. తలకు తడి తువ్వాలు చుట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చునేవారు. నేను గట్టిగా చదివి, ప్రతి క్రియలో ఏ అచ్చులు కలిశాయో విప్పి చెప్పాలి. తప్పితే “ఆగు” అనేవారు. తప్పేదో చెప్పరు. అది నాకు దొరికేదాకా ఆయన భార్య, అమ్మగారు, అన్నం వడ్డించకూడదు. ముగ్గురమూ పస్తే.

“వాన కోసం ప్రార్థన చేసుకునే పల్లెకు ఈ గ్రీకెందుకయ్యా?” అని ఒకసారి విసుక్కున్నాను.

“ఎండకు మాడినోళ్లకు చెప్పే మాట శానా జాగ్రత్తగా చెప్పల్ల అబ్బీ,” అన్నారు.

చివరిసారి ప్రొద్దుటూరు ఆస్పత్రిలో చూశాను. తల ఎత్తలేకపోయినా చదవమన్నారు. ఒకచోట ఆయన పెదాలు కదిలాయి. ఆగమంటున్నారు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. అమ్మగారు తెచ్చిన గంజి ఆయన ముట్టలేదు.

సమాధి చేసి వచ్చాక పుస్తకం మూసేద్దామనే అనుకున్నాను. అమ్మగారు ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, “చదువు నాయనా, నేను వింటా” అన్నారు. ఆమెకు గ్రీకు ఒక్క ముక్క రాదు.

చదివాను. ఒక క్రియ దగ్గర తడబడ్డాను. సరిగ్గా విప్పానో లేదో తెలియక ఆమె ముఖంలోకి చూశాను.

“ఊ” అన్నారామె, కథ వింటున్నట్టు.

తప్పని చెప్పే మనిషి నాకిక లేడు. తర్వాతి క్రియ చదివాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అమ్మగారు దానికీ “ఊ” అన్నారు.