మామ గది ముందు నల్ల కార్పెట్

ఆరేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. ఇక నా వల్ల కాదు. మా పాస్టరమ్మకు చెబుదామని రెండుసార్లు వెళ్ళాను. టీ తాగి, వాళ్ళ పిల్లల చదువుల గురించి మాట్లాడి తిరిగొచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది గోదావరిఖని. మా మామ ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. మా ఆయనదీ అదే పని. క్వార్టర్ వదిలి సొంత ఇల్లు కట్టుకున్న ఏడాదే మా అత్తమ్మ పోయింది. ఆ తర్వాత మామకు మతి తప్పడం మొదలైంది. పొద్దున్నే గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. డ్యూటీకి వెళ్ళేవాళ్ళు "కాకా, మంచిగున్నవా?" అని పలకరిస్తే, ఎవరో గుర్తులేకపోయినా నవ్వి చెయ్యెత్తేవాడు. ఆయనకు మిగిలిన సంతోషం అదొక్కటే. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఒక శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూటం. హాలు నిండా ఆడవాళ్ళు. మామ లుంగీ లేకుండా వచ్చి వాళ్ళ మధ్యలో నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోయాను. పాపం, ఆయనకేం తెలుసు? అయినా నాకు కోపమే వచ్చింది, దిగలేదు.

ఆ నెలలోనే గదులకు కార్పెట్లు కొన్నాం. ఖరీదైనవేం కాదు. గచ్చు పగుళ్ళు కనబడకుండా పరుస్తారే, మీటర్ల లెక్కన కోసి ఇచ్చే ప్లాస్టిక్ రకం. హాలుకు మెరూన్, మా పడకగదికి ఆకుపచ్చ, వంటింటికి ఇటుక రంగు గళ్ళు. మామ గదికీ హాలుకూ మధ్య ఉన్న నడవకు ఏ రంగు అని మా ఆయన అడిగాడు. నల్లది అన్నాను. బొగ్గు దుమ్ము కనబడదు కదా అన్నాను. ఆయన సరేనన్నాడు.

అబద్ధం. అంతకు కొన్నాళ్ళ ముందు వంటింటి గుమ్మంలో పరిచిన నల్ల పట్టాను చూసి మామ ఆగిపోవడం నేను చూశాను. గోడ పట్టుకుని వెనక్కి జరిగాడు. ఆయన కంటికి అది గొయ్యి. అది గుర్తుపెట్టుకునే ఆ రంగు ఎంచాను. తలుపుకు గొళ్ళెం పెడితే నలుగురూ నన్ను తిడతారు. కార్పెట్‌ను ఎవరు తిడతారు?

ఆయన మళ్ళీ గేటు దాకా రాలేదు. స్నానాల గది ఆయన గదిలోనే ఉంది, వేళకు అన్నం నేనే తీసుకెళ్ళి పెడుతున్నాను, ఏ లోటూ చేయడం లేదని నాకు నేనే చెప్పుకునేదాన్ని. మరి లోటంటే ఏమిటి? నేను కంచం పట్టుకుని ఆ నడవలో వెళుతుంటే "బిడ్డా, పైలం! గొయ్యున్నది!" అంటూ గుమ్మంలోంచి చెయ్యి చాచేవాడు.

ఒక మధ్యాహ్నం హాల్లో తడి మీద జారి పడ్డాను. నడుం పట్టేసింది. గట్టిగా అరిచాను. ఇంట్లో మేమిద్దరమే. మామ గుమ్మంలోకి వచ్చాడు. మెల్లగా కూర్చున్నాడు, బోర్లా పడుకున్నాడు, కళ్ళు గట్టిగా మూసుకుని ఆ నలుపు మీద మోచేతులతో పాకుతూ నా దగ్గరికి వచ్చాడు. బనీను చెమటతో తడిసిపోయింది.

"బిడ్డా, గొయ్యిల పడ్డవా?"

"లేదు మామా, జారిన."

"ఫికర్ జెయ్యకు. నేను గూడ దిగిన గద. ఇద్దరం కలిసే పైకి పోదాం."

నేను ఏడ్చాను. అమ్మో, ఎంత ఏడ్చానో! సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి నన్ను దవాఖానకు తీసుకెళ్ళాడు. మామను తిరిగి ఆయన గదిలో పడుకోబెట్టాం.

ఆ రోజైనా దాన్ని పీకి పారేయొచ్చు. పారేయలేదు. శుక్రవారం మళ్ళీ మా ఇంట్లోనే కూటం ఉంది. ఆ కారణంతో ఒక వారం ఆగాను, తర్వాత ఏ కారణంతో ఆగానో నాకే తెలియదు. ఆయన ఇంకో ఏడాది బతికాడు. ఆ గదిలోనే.

సమాధి దగ్గర అందరూ "ఇసొంటి కోడలు ఎవలికీ దొరకది" అన్నారు. తల దించుకుని విన్నాను. మీరు మాత్రం అనకండి. ఆయన దారి నేనే మూశాను. తెలిసే మూశాను. నా కోసం ఆయన గొయ్యిలోకి దిగి వచ్చాక కూడా తెరవలేదు.